రెక్కల కన్నా ముందు రాత పరీక్ష

(నాచారంలో జరిగిన విద్యా సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు ఉప్పల్, నాచారం, రామంతాపూర్, మల్లాపూర్ బస్తీల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి అవతలి పల్లెల నుంచి బస్సెక్కి ఉప్పల్ రింగురోడ్డు కాడ దిగి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఇవ్వాళ మేము మాట్లాడే సంగతి వింటే కొందరికి నవ్వు రావచ్చు. "హాస్టల్ పిల్లలకు దుప్పట్లు లేవు, స్కాలర్‌షిప్పులు టైముకు రావు, మీరు విమానాలు నడిపే పరీక్షల గురించి చెప్తరా?" అని అడగొచ్చు. అడగాల్సిందే. కాని ఒక మాట. దుప్పటి అడగడం మన హక్కు, విమానం అడగడం మన హక్కు కాదు అని ఎవరు చెప్పారు? మనకు ఎంత కావాలో గీత గీసేది ఎప్పుడూ వాళ్లేనా?

మేము సర్కారు బడి ఉపాధ్యాయులం. మా ఇండ్లల్ల డిగ్రీ పట్టా ముఖం మొదట చూసింది మేమే. మా నాయనలు ఒకరు జీతగాడు, ఒకరు కారఖానాల హమాలీ. సాయంత్రం పూట బస్తీ పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్తున్నాం. ఆ పిల్లలలో ఇంటర్ ఎం.పి.సి. పూర్తి చేసినవాళ్లు ఇప్పుడు మమ్మల్ని అడుగుతున్నారు: "సార్, పైలట్ కావాలంటే ఏం చెయ్యాలె?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి మన వాడల్లో లేడు. జవాబు చెప్పడానికి రంగు రంగుల కరపత్రాలు పట్టుకొని ఏజెంట్లు మాత్రం వస్తున్నారు. ఏజెంటు చెప్పే మొదటి మాట డబ్బు. మేము చెప్పే మొదటి మాట పరీక్ష. ఈ వరుస తలకిందులు కావడం వల్ల మన కుటుంబాలు ఎట్లా మునుగుతున్నాయో చెప్పడానికే నిలబడ్డాం.

ముందు ఒక చరిత్ర గుర్తు చేసుకుందాం. 1953లో ఈ దేశంలో విమాన కంపెనీలను జాతీయం చేశారు. అప్పుడు ఆ శాఖ చూసిన మంత్రి ఎవరు? బాబూ జగ్జీవన్ రామ్. తోలు పని చేసే కులంలో పుట్టిన బిడ్డ చేతి మీదుగా ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ప్రజల ఆస్తి అయినాయి. ప్రభుత్వ సంస్థ కాబట్టి తర్వాత రోజుల్లో అందులో మనకు రిజర్వేషన్ వచ్చింది. పైలట్ పోస్టుల ప్రకటనలో కూడా ఎస్.సి., ఎస్.టి.లకు ఇన్ని అని రాసేవారు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్లీ ప్రైవేటు చేతికి పోయింది. దానితో విమానాల్లో మన రిజర్వేషన్ కూడా పోయింది. ఇప్పుడు ఈ దేశంలో ప్రయాణికుల విమానాలు నడిపే పెద్ద కంపెనీలన్నీ ప్రైవేటువే. అక్కడ కులం సర్టిఫికెట్ పని చేయదు. లైసెన్సు ఒక్కటే పని చేస్తది. మరి ఆ లైసెన్సు ఎట్లా వస్తది?

దీనికి నాలుగు మెట్లు ఉన్నాయి. ఒకటి, ఇంటర్‌లో భౌతికశాస్త్రం, గణితం. రెండు, వైద్య పరీక్షలు. మూడు, రాత పరీక్షలు. నాలుగు, 200 గంటలు విమానం నడపడం. ఇవన్నీ అయ్యి, 18 ఏండ్లు నిండితే కమర్షియల్ పైలట్ లైసెన్సు ఇస్తారు. ఇచ్చేది ఢిల్లీలోని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. అందరూ డీజీసీఏ అంటారు. రాత పరీక్షలు పెట్టేది కూడా వాళ్లే.

ఈ నాలుగు మెట్లల్లో లక్షలు మింగేది నాలుగోది. విమానం గంట నడిపితే వేల రూపాయలు. 200 గంటలకు మొత్తం కలిపితే ఇయ్యాల నలభై, యాభై లక్షలు దాటుతున్నది. ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లో 1985లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఇందిరాగాంధీ ఉడాన్ అకాడమీలోనే ఫీజు 45 లక్షల దాకా పోయింది. అక్కడ సీట్లలో మనకు రిజర్వేషన్ ఉంది. కాని రిజర్వేషన్ సీటు ఇస్తది, ఫీజు కట్టదు. లైసెన్సు వచ్చినంక కూడా కంపెనీ వాడే పెద్ద విమానం మీద టైప్ రేటింగ్ అని ఇంకో శిక్షణ ఉంటది. దానికి మళ్లీ లక్షలు.

ఇప్పుడు మూడో మెట్టు చూడండి. రాత పరీక్షకు విమానం అక్కర లేదు. పెట్రోలు అక్కర లేదు. కుర్చీ, కంప్యూటరు ఉంటే చాలు. పేపర్లు అయిదు. గగన యానానికి సంబంధించిన చట్టాలు, నిబంధనలు ఒకటి. దారి కనుక్కునే నావిగేషన్ ఒకటి. వాతావరణం ఒకటి. విమానం ఎట్లా ఎగురుతది, ఇంజన్ ఎట్లా పనిచేస్తది అనేది టెక్నికల్ జనరల్. మనం ఏ రకం విమానం మీద నేర్చుకుంటున్నామో దాని గురించి టెక్నికల్ స్పెసిఫిక్. అన్నీ సరైన జవాబుకు గుర్తు పెట్టే రకం ప్రశ్నలే. ప్రతి పేపర్లో నూటికి 70 మార్కులు రావాలి. అన్ని పేపర్లూ ఒక్కసారే రాయాలని లేదు. ఒకటొకటిగా రాసుకోవచ్చు. ఇవి కాక రేడియోలో మాట్లాడే పరీక్ష ఇంకొకటి ఉంది. దాన్ని ఇదివరకు టెలికాం శాఖ పెట్టేది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త విమాన చట్టం ఆ పని కూడా డీజీసీఏకే అప్పగించింది.

ఈ పరీక్షల ఫీజు వేలల్లో ఉంటది, లక్షల్లో ఉండదు. మామూలు పరీక్షలు ఏడాదికి కొన్నిసార్లే వస్తాయి. ఆగలేనివాళ్లకు మధ్యలో రాసుకొనే ఏర్పాటు కూడా ఉంది, దానికి ఫీజు ఎక్కువ. హైదరాబాదు కూడా పరీక్షా కేంద్రమే. అంటే ఈ ఒక్క మెట్టు మాత్రం మన బస్తీల నుంచి సిటీ బస్సెక్కి పోయి ఎక్కగలిగిన మెట్టు. టెక్నికల్ స్పెసిఫిక్ తప్ప మిగతా నాలుగు పేపర్లూ ఏ ఫ్లయింగ్ స్కూలుకూ పైసా కట్టకముందే రాయొచ్చు. ఈ మాట ఏజెంటు చెప్పడు. చెప్తే ఆయన బేరం ఆగిపోతది.

మాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెప్తాం. ఊరు, పేరు చెప్పం. తండ్రి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇరవై ఏండ్లు పనిచేసిన కార్మికుడు. తల్లి ఉప్పల్‌ల బట్టలు కుట్టే కంపెనీల పని చేసేది. ఘట్‌కేసర్ దిక్కు కొనుక్కున్న గజాల జాగా అమ్మిండ్రు. చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెచ్చిండ్రు. అన్నీ కలిపి ఒక ఫ్లయింగ్ స్కూలుకు ముందుగాల్నే కట్టిండ్రు. పిల్లగాడు తెలివైనోడు. కాని తెలుగు మీడియంల చదివినోడు. స్కూలోళ్లు రాత పరీక్షల సంగతి "నువ్వే చూసుకో" అన్నరు. పేపర్లు పాస్ కాకుంటే తర్వాతి శిక్షణకు పోనియ్యరు. నావిగేషన్ మూడు మార్కులతో పోయింది. మూడు నెలలు ఆగి మళ్లీ రాసిండు. మళ్లీ పోయింది.

ఇప్పుడు లెక్క వెయ్యండి. పది లక్షలకు నూటికి రెండు చొప్పున నెలకు వడ్డీ ఎంత? ఇరవై వేలు. మూడు నెలలకు అరవై వేలు. రెండు సార్లు ఫెయిలైతే లక్షా ఇరవై వేలు. పరీక్ష ఫీజు రసీదులో రాసింది ఎంతో గాని, ఆ తల్లిదండ్రులకు ఆ పేపరు ఖరీదు లక్షా ఇరవై వేలు! పైసలున్న ఇంటి పిల్లగాడు అదే పేపర్లో రెండుసార్లు తప్పితే ఆయనకు పోయేది ఫీజు మాత్రమే. అదే పరీక్ష, అదే ప్రశ్న, అదే 70 మార్కులు. ఖరీదు మాత్రం ఒక్కటి కాదు. పరీక్ష అందరికీ సమానమే అని చెప్పేవాళ్లకు ఈ వడ్డీ లెక్క చూపించండి.

బ్యాంకుల సంగతి చూద్దాం. చదువు అప్పుల పథకంలో పైలట్ శిక్షణ కూడా ఉంది. మంచిదే. కాని ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. మన దగ్గర తాకట్టుకు ఏముంది? ఊర్లో ఉంటే అసైన్డు భూమి ఉంటది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, ఇంకొకరి పేర రాయరాదు. మన భూమి దొర చేతికి పోకుండా కాపాడడానికి ఆ చట్టం కావలసిందే. కాని పెద్ద అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కిన నాడు ఆ పట్టా చూసి మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. అందుకే మనోళ్లు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతున్నారు.

అందుకని మేము చెప్పే వరుస ఇది. మొదలు వైద్య పరీక్ష. రంగులు గుర్తుపట్టలేని కన్ను ఉంటే, అది ముందే తెలియాలి. జాగా అమ్మినంక తెలిస్తే ఏం లాభం? క్లాస్ టూ వైద్య పరీక్ష, దాని వెనుక క్లాస్ వన్. అవి అయినంక రాత పరీక్షలు. కనీసం మూడు పేపర్లు చేతికి వచ్చినంకనే డబ్బు మాట. అప్పటిదాకా ఎవడొచ్చినా, ఎన్ని ఫొటోలు చూపించినా, అడ్వాన్సు పేరు మీద రూపాయి కూడా ఇయ్యొద్దు. పాసైన పేపర్లకు గడువు ఉంటది. కాబట్టి పేపర్లు రాసే ముందే మిగతా డబ్బు ఎట్లా వస్తదో ఆలోచన పెట్టుకోవాలి. అంతే గాని డబ్బు కట్టి పరీక్ష కోసం కూర్చోవద్దు.

ఇక పరీక్ష దగ్గరికి పోవడానికే ఎన్ని కాగితాలు కావాలో చూడండి. ముందుగా డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేనిదే పరీక్ష ఫారం ముందుకు పోదు. నంబరు కోసం టెన్త్ మెమో, ఇంటర్ మెమో పెట్టాలి. అవి అసలైనవే అని బోర్డు నుంచి ధ్రువీకరణ కూడా తేవాలి. ఇంటర్ బోర్డు నాంపల్లిలో ఉంది. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కితే గంటలో పోవచ్చు. ఆలేరు అవతలి పల్లె పిల్లకు అది ఒక రోజు కూలి, బస్సు కిరాయి. ఒక్కసారితో పని కాకపోతే రెండో రోజు కూలి.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తది. మన పిల్లల పేర్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. బడి రిజిస్టర్లో ఇంటిపేరు ఒక పొడి అక్షరం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు. ఆధార్‌లో వెనుక. ఓటరు కార్డులో తండ్రి పేరులో ఒక అక్షరం ఎక్కువ, కుల సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తక్కువ. ఊర్లో ఎల్లయ్య అంటే పట్నంలో యల్లయ్య. పుట్టిన తేదీ తెల్వదంటే బడిలో చేర్చిన రోజు లెక్కగట్టి జూన్ నెల వేసిన కాలం ఒకటి ఉండేది. అగ్రహారంలో పుట్టినవాడికి జాతకం ఉంటది, ఆస్పత్రి కాగితం ఉంటది. వాడలో పుట్టినవాడికి వానాకాలంలో పుట్టిండు అన్న గుర్తు తప్ప ఏముండేది? ఈ అక్షరాల తేడాలు ఊర్లో ఎవరూ పట్టించుకోరు. ఢిల్లీలో కాగితం చూసే గుమాస్తా పట్టించుకుంటడు. ఒక అక్షరం తప్పితే అర్జీ వెనక్కి వస్తది. ఆ అక్షరం సరిచేసుకొని వచ్చేసరికి పరీక్షకు ఫారం నింపే గడువు దాటిపోతది. మళ్లీ మూడు నెలలు, మళ్లీ అరవై వేల వడ్డీ.

అందుకే తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట మొక్కి చెప్తున్నాం. పదో తరగతి నామినల్ రోల్ పంపే ముందే పిల్లల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒక్కతీరుగ ఉన్నాయా చూడండి. అప్పుడు సరిచేయడం ఒక సంతకం పని. తర్వాత అయితే కోర్టు దాకా పోయే పని. ఇది పైలట్ కావాలనుకునే పిల్లలకే కాదు, పాసుపోర్టు తీసుకొని గల్ఫుకు పోయే తమ్మునికి కూడా పనికొచ్చే మాటే.

ఇంకో సంగతి. ఇంటర్‌లో బై.పి.సి., సి.ఇ.సి. చదివినవాళ్లు మాకు దారి మూసుకుపోయింది అనుకుంటున్నారు. మూసుకుపోలేదు. జాతీయ సార్వత్రిక విద్యాలయం ద్వారా భౌతికశాస్త్రం, గణితం విడిగా రాసి పాసు కావచ్చు.

సరే, కాగితాలు దాటినం. ఇక చదువు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కోచింగ్ కోసం పిల్లలు ఢిల్లీలోని ద్వారకాకు పోతున్నారు. అక్కడ వీధుల నిండా ఈ కోచింగ్ సెంటర్లే. ఫీజు, హాస్టలు, తిండి, రైలు కిరాయి కలిపితే రెండు మూడు లక్షలకు తక్కువ కాదు. అంటే వేల రూపాయల పరీక్షకు లక్షల రూపాయల కోచింగ్! పరీక్ష ఫీజు చిన్నదే గాని, పరీక్ష గది దాకా వేసిన దారి ఖరీదైంది. దేవాలయం తలుపు తెరిచి ఉంచి, దానికి పోయే వీధిలో మనల్ని నడవనియ్యకపోవడం లాంటిదే ఇది.

కాని అన్నలారా, ఆ చదువు ఏమన్న బ్రహ్మవిద్యనా? కానే కాదు. ఇప్పుడే ఒక లెక్క చేద్దాం. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 24 గంటలు. మొత్తం 360 డిగ్రీలు. అంటే ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశానికంతటికీ గడియారం పెట్టుకొనే రేఖ 82న్నర డిగ్రీలది. అది మన కాకినాడ దగ్గరి నుంచే పోతది. మన ఉప్పల్ దాదాపు 78న్నర డిగ్రీల మీద ఉంది. తేడా నాలుగు డిగ్రీలు. నాలుగు నాలుగులు పదహారు. అంటే కాకినాడ వైపు సూర్యుడు నడినెత్తికి వచ్చిన 16 నిమిషాలకు ఉప్పల్‌లో నడినెత్తికి వస్తడు. ఇది ఏడో తరగతి భూగోళం. నావిగేషన్ పేపరు మొదలయ్యేది ఈ లెక్కతోనే.

ఇంకొకటి. విమానం వేగం నాట్‌లలో చెప్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. వంద నాట్‌ల విమానం గంటకు 185 కిలోమీటర్లు పోతది. 140 కిలోమీటర్ల దూరం పోవడానికి 45 నిమిషాలు. ఎదురుగాలి 20 నాట్‌లు ఉందనుకోండి, 80 నాట్‌లే మిగులుతయి, అప్పుడు 57 నిమిషాలు. పెట్రోలు 50 నిమిషాలకే ఉంటే ఏమైతది? ఇదీ నావిగేషన్ అంటే. సైకిల్ మీద ఎదురుగాలికి తొక్కిన పిల్లగానికి దీని అర్థం చెప్పాల్సిన పని లేదు. లెక్క చెప్తే చాలు.

వాతావరణం పేపరు మన తల్లుల పేపరు. మృగశిర కార్తెలో మబ్బు ఏ దిక్కు నుంచి లేస్తదో, ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలితో వచ్చే వాన ఎట్లా ఉంటదో నాటు వేసిన ఆడబిడ్డకు తెల్వదా? నిలువుగా పెరిగి పైన దాగలి ఆకారం తీసుకునే ఉరుముల మబ్బును పుస్తకంలో క్యూములోనింబస్ అన్నారు. పైలట్ దాని దగ్గరికి పోరాదు. పొలంలో ఉన్న మన అమ్మ దాన్ని చూసి పిల్లలను చెట్టు కింది నుంచి పిలిచేది. తెలివి మన దగ్గర ఉంది. దాని ఇంగ్లీషు పేరు మాత్రం వాళ్ల దగ్గర ఉంది. ఆ పేరు నేర్చుకుంటే పేపరు మనదే.

మన ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణా సంస్థ ఉంది. దేశానికి మ్యాపులు గీసేవాళ్లకు చదువు చెప్పేది అక్కడే. హబ్సిగూడ దిక్కు భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. వాటి గోడల పక్కన బతికే మన పిల్లలకు మ్యాపు మీద అక్షాంశం చూపించేవాడు లేడు. గోడకు అటు పక్క శాస్త్రం, ఇటు పక్క బస్తీ. వెలివాడ అంటే ఊరి బయట ఉండేదే కాదు, పట్నం నడిమధ్యల కూడా ఉంటది.

ఇక ప్రతిభ గురించి. మన పిల్లలకు 70 మార్కులు రావు, ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమా అని అడిగేవాళ్లు ఉంటరు. ఈ పరీక్షలో మనకు ఒక్క మార్కు కూడా తగ్గించమని మేము అడగడం లేదు. 70 అంటే 70. కాని వాళ్లకు 2011 సంవత్సరం గుర్తు చేయండి. ఆ ఏడు దొంగ మార్కుల మెమోలు పెట్టి లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. లోపలి అధికారి కూడా అరెస్టయిండు. దొంగ మెమోలతో వాళ్లు ప్రయాణికుల విమానాలు నడిపారు. అక్కడ పనిచేసింది రిజర్వేషన్ కాదు, డబ్బు. ప్రతిభ మాట మన దగ్గర ఎత్తేవాళ్లు ఆనాడు ఏ ఊరేగింపు తీశారు?

ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదా అంటే, కాగితం మీద ఇచ్చింది. 2007-08లో కేంద్రం ఎస్.సి. విద్యార్థులకు టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ అనే పథకం పెట్టింది. అందులో పైలట్ శిక్షణను కూడా చేర్చింది. ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులకు ఏడాదికి 3 లక్షల 72 వేలు హద్దు పెట్టింది. రెండేండ్లు ఇచ్చినా ఏడు లక్షల 44 వేలు. 45 లక్షల ఫీజులో ఆరో వంతు. మిగతా అయిదు వంతులు ఎవరు కట్టాలి? తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. విదేశాల్లో పి.జి., పిహెచ్.డి. చదువుకు 20 లక్షలు ఇస్తున్నది. ఎంతో మంది మన పిల్లలు దానితో పోయారు. కాని అది పి.జి., పిహెచ్.డి.లకే పెట్టింది. పైలట్ శిక్షణకు అది దారి కాదు.

సాయం ముక్కలు ముక్కలుగా వస్తే ఏమైతదో మన హైదరాబాదులోనే చూశాం. పాతబస్తీలో బేకరీ కార్మికుని బిడ్డ సయ్యదా సల్వా ఫాతిమా 2007లో ఇక్కడి ఏవియేషన్ అకాడమీలో చేరింది. ఒక ఉర్దూ పత్రిక సంపాదకుడు అండగా నిలిచాడు. లైసెన్సు చేతికి వచ్చింది 2013లో. తర్వాతి శిక్షణకు మళ్లీ డబ్బు లేదు. తెలంగాణ ప్రభుత్వం సాయం చేసినంకనే ముందుకు పోయింది. ఆ బిడ్డ పట్టుదలకు సలాం. కాని ప్రతి బిడ్డకూ ఒక సంపాదకుడు, ఒక ముఖ్యమంత్రి దొరుకుతరా? దయ మీద నడిచేది దారి కాదు. దారి అంటే ఎవరైనా నడవగలగాలి.

గడువు బాధ బాబాసాహెబుకు కూడా తప్పలేదు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఆయన అమెరికా పోయాడు. అక్కడి నుంచి లండన్ పోయాడు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు తీరింది. చదువు సగంలో వదిలి వెనక్కి రావలసి వచ్చింది. నాలుగేండ్లలోపు తిరిగి వచ్చి పూర్తి చేయవచ్చని విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. ఆయన బొంబాయిలో పాఠాలు చెప్పి పైసా పైసా కూడబెట్టి, అప్పు చేసి, షాహూ మహారాజు సాయం తీసుకొని 1920లో మళ్లీ లండన్ చేరాడు. 1923లో డి.ఎస్‌సి. తీసుకున్నాడు. ఆయన ఏ పరీక్షనూ తక్కువగా చూడలేదు, ఏ గడువునూ మరిచిపోలేదు. మనం ఆయన విగ్రహం చేతిలోని పుస్తకాన్ని చూస్తున్నాం. ఆ పుస్తకం వెనక ఉన్న క్యాలెండరును కూడా చూడాలి.

అందుకే ఈ సభ ముందు కొన్ని డిమాండ్లు పెడుతున్నాం.

ఒకటి: గ్రూపు పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఎస్.సి. స్టడీ సర్కిల్‌లో డీజీసీఏ రాత పరీక్షలకు కూడా క్లాసులు పెట్టాలి. నల్లబల్ల, సుద్దముక్క, ఇద్దరు రిటైరైన వైమానిక దళం ఉద్యోగులు ఉంటే చాలు. ద్వారకా పోయే రెండు మూడు లక్షలు మిగులుతాయి.

రెండు: వైద్య పరీక్ష, కంప్యూటర్ నంబరు, రాత పరీక్షల ఫీజులు ఎస్.సి. కార్పొరేషన్ భరించాలి. ఒక విద్యార్థికి ఖర్చు వేలల్లోనే. ఇది అప్పు కాకూడదు.

మూడు: నాలుగు పేపర్లు పాసైన ఎస్.సి., ఎస్.టి. బిడ్డకు 200 గంటల శిక్షణ ఖర్చు మొత్తం ప్రభుత్వం కట్టాలి. హద్దు పెట్టి సగంలో వదిలితే అది సాయం కాదు, ఉరితాడు. పేపర్లు పాసైనవాళ్లకే ఇస్తే ప్రజల సొమ్ము వృథా పోతదనే సాకు కూడా ఉండదు.

నాలుగు: ఫ్లయింగ్ స్కూళ్లు మొత్తం ఫీజు ముందుగా గుంజుకోకుండా, నడిపిన గంటలకే తీసుకునేటట్టు నియమం పెట్టాలి. పిల్లగాడు మధ్యలో ఆగితే మిగిలిన డబ్బు ఇన్ని రోజుల్లో వాపసు ఇయ్యాలని రాయాలి.

డిమాండ్లు సర్కారుకు. పని మనకు. సర్కారు కదిలేదాకా కూర్చుంటే మన పిల్లల వయసు ఆగదు. నాచారంలో సాయంత్రం క్లాసు నడుస్తున్నది. వచ్చే నెల నుంచి అందులో వారానికి రెండు రోజులు నావిగేషన్ లెక్కలు, వాతావరణం తెలుగులో చెప్పి, ఇంగ్లీషు మాటలు పక్కన రాయించడానికి మేము ఒప్పుకున్నాం. సీనియర్ పిల్లలు పాత ప్రశ్నలు జమ చేస్తున్నారు. ఉప్పల్ కార్యకర్తలు కాగితాల పని మీద వేసుకోవాలి. ఎవరి మెమోలో ఏ అక్షరం తప్పు ఉందో ఇంటింటికీ తిరిగి రాసుకోవాలి. పల్లెల నుంచి వచ్చిన సంఘం అన్నలు ఒక్క పని చేయాలి. మీ ఊర్లో ఎం.పి.సి. చదివిన ఆడపిల్ల ఉంటే, పెండ్లి మాట ఎత్తేముందు ఆ ఇంటికి పోయి ఈ నాలుగు మెట్లు చెప్పండి. పైలట్ కాకపోయినా ఫరవాలేదు. ఈ లెక్కలు వచ్చిన బిడ్డ వేరే పరీక్షలో ఓడిపోదు.

ఎవరన్న జాగా అమ్మబోతుంటే మాత్రం అదే రోజు కబురు పెట్టండి. ఏజెంటుతోని ఏమడగాలో మేము చెప్తాం. మొదటి ప్రశ్న ఇదే: "మా పిల్ల పేపర్లు ఇంకా రాయలేదు, పైసలు ఇప్పుడెందుకు?" ఆయన దగ్గర జవాబు ఉండదు.

జై భీమ్!